చలికి వెఱవని పుష్పము: సైక్లమెన్ కథ

1753వ సంవత్సరమున స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ లిన్నేయస్ తనకు తెలిసిన మొక్కలన్నిటికిని రెండేసి మాటల పేర్లు పెట్టి 'స్పీషీస్ ప్లాంటారమ్' అను మహాగ్రంథమును వెలువరించెను. అందు సైక్లమెన్ అను చిన్న పూలమొక్కలో రెండు జాతులు కలవని ఆయన వ్రాసెను. ఒకదాని పేరు యూరోపేయమ్, రెండవదాని పేరు ఇండికమ్. ఒకటి ఐరోపాది, రెండవది ఇండియాది అని ఆ పేర్ల భావము. చిత్రమేమనగా, మన దేశమున ఏ అడవిలోను, ఏ కొండమీదను సైక్లమెన్ తనంతట తాను మొలవదు. యూరోపేయమ్ అను పేరైనను నిలిచినదా యనిన, అదియు నిలువలేదు. ఒక్కొక్క దేశమువారు ఒక్కొక్క మొక్కను ఆ పేరుతో పిలుచుచు వచ్చుటచే అది ఎవరికిని పనికిరానిదై, తుదకు శాస్త్రజ్ఞులచే విసర్జింపబడినది. అంతటి మహామేధావి పెట్టిన రెండు పేర్లును ఈ విధముగా చెల్లకుండ పోయినవి. ఆ మొక్కను సరిగా గుర్తించుటకు మానవుడు పడిన పాట్లను, ఆ గుర్తింపుపై ఆధారపడియున్న ఒక గొప్ప విషయమును మనము ఈ వ్యాసమున తెలిసికొందము.

ముందుగా మొక్కను పరిచయము చేసికొందము. సైక్లమెన్ దుంపజాతి మొక్క. భూమిలో చదునైన గుండ్రని దుంప యుండును. చిన్ననాడు అది రేగుగింజయంత, పెద్దదైనపుడు కొన్ని జాతులలో భోజనము చేయు కంచమంత. దానినుండి పొడవైన కాడలపై ఆకులు వచ్చును. ఆకులు కొన్నిటిలో తమలపాకువలె హృదయాకారమున, కొన్నిటిలో గుండ్రముగా, కొన్నిటిలో కోణములు దేరి యుండును. ముదురాకుపచ్చ నేలమీద వెండిరంగుతో ముగ్గు వేసినట్లు చారలును మచ్చలును ఉండుట వాని విశేషము. ఒకే జాతికి చెందిన వేయి మొక్కలను పరీక్షించినను రెండు మొక్కల ముగ్గులు సరిగా ఒకటిగా నుండవు. పువ్వు కాడ చివర తల వంచుకొని నిలుచును; కాని దాని ఐదు రేకులును వెనుకకు మడిగి పైకి లేచి యుండును. చెవులు నిక్కించిన కుందేలును చూచినట్లుండును. రంగు తెలుపు మొదలుకొని లేతగులాబి మీదుగా ముదురు కెంపు వఱకు మాఱుచుండును.

ఈ మొక్కకు పుట్టిల్లు మధ్యధరా సముద్రమును చుట్టుకొనియున్న దేశములు. ఫ్రాన్సు, ఇటలీ, గ్రీసు, టర్కీ, సైప్రస్, లెబనాను, కాకసస్ పర్వతములు, ఆఫ్రికా ఉత్తర తీరమందలి అల్జీరియా, ట్యునీసియా, లిబియా దేశములు దీని వాసస్థానములు. నేడు శాస్త్రజ్ఞులు ఇరువదికి పైగా జాతులను గుర్తించుచున్నారు. ఆ దేశములలో వానలు శీతకాలమున కురియును. వేసవి ఎండలకు నేల బీటలు వాఱును. మన కంద, చేమ మొదలగునవి వేసవిలో నిద్రించి తొలకరి చినుకుతో మేలుకొనునట్లు, సైక్లమెన్ దుంపలలో పెక్కును వేసవియంతయు నేలలో నిద్రించును. వాని తొలకరి శరదృతువు. మొదటి వాన పడగానే, కొన్ని జాతులలో ఆకైనను పుట్టకముందే, ఎండిన నేలనుండి పూలు తలలెత్తును. ఆ జాతులలో కొన్ని మంచు పడినను, నేల గడ్డకట్టినను చావవు. వానినే తోటవారు చలిని ఓర్చు సైక్లమెన్‌లందురు. మనము చెప్పుకొనబోవు చరిత్ర ముఖ్యముగా వానిదే.

సైక్లమెన్ అను మాట గ్రీకు భాషలోని చక్రవాచకమగు 'కుక్లోస్' అను పదమునుండి పుట్టినది. దుంప చక్రమువలె గుండ్రముగా నుండుటచే ఆ పేరు వచ్చెనని కొందఱును, పూవు రాలిన పిదప కాడ చుట్టలు చుట్టుకొనుటచే వచ్చెనని మఱికొందఱును చెప్పుదురు. ఈ చుట్టలు చుట్టుకొనుట మనకు బొత్తిగా క్రొత్త విషయము కాదు. మన రాయలసీమ రైతు ప్రతి సంవత్సరమును వేరుసెనగ పూవు రాలిన పిమ్మట ఊడ దిగి నేలలో జొచ్చుటను చూచుచునే యున్నాడు. వేరుసెనగ తన కాయను నేలలోనికి గ్రుచ్చును. సైక్లమెన్ తన కాయను తీగచుట్టవలె కాడను చుట్టి నేలవఱకు దింపుకొనును. ఉద్దేశ మొక్కటియే: బిడ్డను తల్లి యొడిలో భద్రపఱచుట.

క్రీస్తునకు పూర్వము నాల్గవ శతాబ్దివాడగు గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ ఈ దుంపను గూర్చి వ్రాసెను. వ్రణములకును, గాయములకును దీనిని తేనెతో కలిపి వాడుదురనియు, మద్యమున కలిపినచో మత్తు హెచ్చుననియు ఆయన తెలిపెను. క్రీస్తు తరువాత మొదటి శతాబ్దిలో డయోస్కోరిడీస్ అను వైద్యుడు ఈ మొక్క రూపమును చక్కగా వర్ణించెను. ఆకు ఐవీ తీగ ఆకువంటిది, దానిపై తెల్లని మచ్చలు గలవు, కాడకు ఆకులు లేవు, దుంప నల్లగా చదునుగా నుండునని ఆయన వ్రాసినదానిని చదివినచో, నేడు మనము హెడెరిఫోలియమ్ అని పిలుచు జాతి కన్నులకు కట్టినట్లుండును. కాని ఆ వైద్యుడే, గర్భిణీస్త్రీ ఈ దుంపను దాటి నడచినచో గర్భము జాఱునని లోకులు చెప్పుకొను మాటను గూడ గ్రంథమున చేర్చెను. ఆ కాలమువాడే యగు రోమను పండితుడు ప్లినీ, ఈ మొక్క పెఱటిలోనున్న యింట విషప్రయోగములు పాఱవను నమ్మకము నిజమగునేని ప్రతియింటను దీనిని పెంచవలసినదే యని వ్రాసెను. ఒకరికి భయము, ఒకరికి రక్ష. మొక్క మాత్రము ఒక్కటియే.

ఈ భయమునకు కొంత ఆధారము లేకపోలేదు. దుంపలో సైక్లమిన్ అను చేదు పదార్థము కలదు. మన కుంకుడుకాయ నురుగునకు కారణమగు సపోనిన్ అను ద్రవ్యముల కుటుంబమునకే అది చెందినది. మనుష్యులు తినినచో వాంతులును విరేచనములును కలుగును. దక్షిణ ఇటలీలో ఈ దుంపను చితుకగొట్టి నీట కలిపి చేపలకు మత్తు కలిగించి పట్టుకొనువారు. అయినను అడవిపందులు దీనిని త్రవ్వుకొని తినునని ప్రతీతి. అందుచేతనే ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు, ఇటాలియనులు తమ తమ భాషలలో దీనికి 'పంది రొట్టె' అను అర్థము వచ్చు పేర్లు పెట్టిరి. ఇంత సుకుమారమైన పూవునకు అంత మోటుపేరు పెట్టుట పల్లెవారి హాస్యప్రియత్వమునకు నిదర్శనము.

డయోస్కోరిడీస్ వ్రాసిన మాటలు పదునైదు శతాబ్దులపాటు వైద్యులకు వేదవాక్యములై చెల్లినవి. 1597వ సంవత్సరమున ఇంగ్లండులో జాన్ గెరార్డ్ అను మూలికావేత్త తన పెద్ద గ్రంథమును ప్రకటించెను. లండను నగరమున హోబర్న్ అను పేటలో ఆయనకు తోట యుండెను. అందు సైక్లమెన్‌ను పెంచుచు, ఏ గర్భవతియు తెలియక దానిని దాటి ప్రమాదము పాలు కాకుండునట్లు చుట్టును కఱ్ఱలు పాతి, వానికి అడ్డముగా మఱికొన్ని కఱ్ఱలు కట్టితినని ఆయనయే వ్రాసికొనెను. మనము నవ్వవచ్చును. కాని గెరార్డ్ గ్రంథమున నవ్వవలసినదానికంటె మెచ్చవలసినది వేఱొకటి కలదు. గుండ్రని ఆకులదియు, కోణములు గల ఆకులదియు వేర్వేరు మొక్కలని ఆయన విడదీసి చూపెను. అదే కాలమున కరోలస్ క్లూసియస్ అను పండితుడు తాను కన్న సైక్లమెన్ భేదములను పూచు కాలమును బట్టియు, ఆకును బట్టియు వర్ణించెను. మందుకొఱకు కాక మొక్కకొఱకే మొక్కను చూచుట అప్పుడు మొదలైనది. గుర్తింపు అను శాస్త్రము అచ్చటనే పుట్టినదని మా యభిప్రాయము.

లిన్నేయస్ వచ్చి ఈ భేదములను ప్రక్కకు నెట్టెను. ఆయనకు జాతులు తక్కువగా నుండుట ఇష్టము. ఆయన గ్రంథము వెలువడిన పదునైదేండ్లకు, లండనులోని చెల్సీ ఓషధీవనమును పాలించుచుండిన ఫిలిప్ మిల్లర్ అను తోటమాలి తన 'గార్డెనర్స్ డిక్షనరీ' ఎనిమిదవ కూర్పును 1768లో ప్రకటించెను. మిల్లర్ పుస్తకములతోపాటు మొక్కలనుగూడ ఎఱిగినవాడు. దశాబ్దములుగా వానిని విత్తి, పెంచి, పూయించి చూచినవాడు. ఒకటి వేసవిలో పూచి కమ్మని వాసన వెదజల్లును. దానికి పర్‌ప్యూరాసెన్స్ అని పేరు పెట్టెను. ఒకటి నడిచలికాలమున గుండ్రని ఆకులతో పొట్టిపూలు పూయును. దానికి కూమ్ అని పేరు పెట్టెను. ఇంకొకటి చలికి ఓర్వక గాజుటిండ్లలో బ్రదుకును. దానికి పెర్సికమ్ అని పేరు పెట్టెను. ఈ మూడు పేర్లును నేటికిని నిలిచియున్నవి. గ్రంథాలయమున కూర్చుండినవానికి చిక్కని భేదము మట్టిలో చేతులు పెట్టినవానికి చిక్కినది.

అయినను మిల్లర్ పెట్టిన పేర్లలోను ఒక ముల్లు గలదు. పెర్సికమ్ అనగా పారసీక దేశపుదని యర్థము. టర్కీ, సిరియా, లెబనాను, పాలస్తీనా, సైప్రస్ మొదలగు చోట్ల ఈ మొక్క కొండచరియలను కప్పును గాని, పారసీకమున సహజముగా పెరుగదు. నేడు లోకమంతట కుండీలలో అమ్ముడుపోవు పెద్దపూల సైక్లమెన్‌లన్నియు దీని సంతతియే. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున ఐరోపా తోటమాలులు విత్తనములను ఏరి ఏరి నాటి, పూవును అడవిపూవునకు రెండు మూడు రెట్లు పెంచిరి. పూవు పెరిగినది, వాసన తరిగినది. తరువాతి కాలమువారు ఆ పోయిన వాసనకొఱకు మరల అడవిమొక్కల వైపు చూడవలసి వచ్చినది. దుకాణమున కొన్న ఈ కుండీమొక్కను చలిని ఓర్చు సైక్లమెన్ అనుకొని మంచులో నాటి పోగొట్టుకొన్నవారు పెక్కుమంది. పేరు ఒక్కటియైనంతమాత్రమున ప్రాణము ఒక్కటి కాదు.

1789లో లండను సమీపమందలి క్యూ రాజోద్యానపు పెద్ద తోటమాలి విలియం ఐటన్, ఐవీ ఆకువంటి ఆకు గల మొక్కకు హెడెరిఫోలియమ్ అను పేరు పెట్టెను. ఆ తరువాత కొందఱు ఆ పేరును వసంతమున పూచు రెపాండమ్ అను వేఱొక జాతికి అంటగట్టిరి. 19వ శతాబ్ది ఆరంభమున నేపుల్స్ నగరపు వృక్షశాస్త్రజ్ఞుడు మిషెలే తెనోరె అసలు మొక్కకే నియాపోలిటానమ్ అని క్రొత్తపేరు పెట్టెను. నూఱేండ్లకు పైగా తోటమాలులు నియాపోలిటానమ్ అనియే పిలిచి, 20వ శతాబ్ది ఉత్తరార్ధమున మరల హెడెరిఫోలియమ్‌కు వచ్చిరి. చలికాలపు కూమ్ సంగతి ఇంకను విచిత్రము. దాని ఆకు మచ్చతో నున్న నొక పేరు, మచ్చ లేకున్న నొక పేరు, కాకసస్‌నుండి వచ్చిన నొక పేరు పెట్టబడినవి. ఆట్కిన్స్ అను ఇంగ్లీషు తోటమాలి పెంచిన ఒక అందమైన రూపము, కూమ్‌ను పెర్సికమ్‌తో సంకరపఱచగా కలిగినదను ప్రసిద్ధితో చిరకాలము అమ్ముడుపోయినది. 20వ శతాబ్దిలో క్రోమోసోములను లెక్కపెట్టు విద్య వచ్చిన పిదప సందేహము తీరినది. కూమ్ కణమున 30 క్రోమోసోములు, హెడెరిఫోలియమ్‌లో సాధారణముగా 34, పెర్సికమ్‌లో 48 ఉండును. ఆట్కిన్స్ మొక్క శుద్ధమైన కూమ్ అనియే నేడు భావింపబడుచున్నది.

ఈ చిక్కును విడదీయుటకు పూనుకొన్నవారిలో జర్మనీ దేశమున ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయాచార్యుడు ఫ్రీడ్‌రిఖ్ హిల్డెబ్రాండ్ ప్రథముడు. 1898లో ఆయన సైక్లమెన్ జాతులపై ప్రత్యేక గ్రంథము వెలువరించెను. విత్తనము మొలకెత్తుట మొదలు కాయ పగులు వఱకు ప్రతి దశను ఆయన గమనించెను. లిబానోటికమ్, మిరాబిలే మొదలగు జాతులకు పేర్లు పెట్టినవాడు ఆయనయే. అంతకుముందే చార్లెస్ డార్విన్ 1876లో ప్రకటించిన గ్రంథమున, పెర్సికమ్ పూవులను తమలో తామే ఫలదీకరించినప్పటికంటె వేఱొక మొక్క పుప్పొడితో ఫలదీకరించినప్పుడు పుట్టిన సంతతి బలిష్ఠమని ప్రయోగపూర్వకముగా చూపియుండెను. హిల్డెబ్రాండ్ తరువాత జర్మనీలోనే ఒట్టో ష్వార్ట్స్, ఇంగ్లండులో క్రిస్టఫర్ గ్రే-విల్సన్ ఆ పనిని కొనసాగించిరి. 1977లో ఇంగ్లండున సైక్లమెన్ సొసైటీ స్థాపింపబడి, మొక్కలు సహజముగా పెరుగు ప్రదేశములకు పోయి పరిశీలించుటకు పూనుకొనినది. ఆశ్చర్యములింకను ముగియలేదు. 1986లో ఆఫ్రికాలో ఉత్తర సోమాలియా కొండలపై ఒక సైక్లమెన్ కనబడినది. తక్కిన బంధువులకు ఎంతో దక్షిణముగా ఒంటరిగా బ్రదుకుచున్న దానికి 1989లో సోమాలెన్సే అను పేరు కలిగినది.

ఇన్ని తరముల పరిశీలనమునుండి తేలిన గుర్తులేవి? వానిని మనము నాలుగు మాటలలో చెప్పుకొనవచ్చును. మొదటిది వేరు. దుంపను చేతబట్టి వేళ్ళెచటనుండి వచ్చినవో చూడవలెను. హెడెరిఫోలియమ్ దుంపకు వేళ్ళు పైభాగమునుండియు, ప్రక్కలనుండియు వచ్చును. అడుగు నున్నగా నుండును. కూమ్‌కు అడుగున నడుమనుండి వచ్చును. పర్‌ప్యూరాసెన్స్‌కు అన్నివైపులనుండి వచ్చును. గ్రేకమ్ అను గ్రీకు జాతికి అడుగున మోకులవంటి లావు వేళ్ళుండి దుంపను నేలలోనికి లాగుకొనును. ఈ భేదము తెలియక హెడెరిఫోలియమ్ ఎండుదుంపను తలక్రిందుగా నాటినవారు లెక్కకు మిక్కిలి. నున్నని వైపు పైకుండవలెనని వారు తలచిరి.

రెండవది రేకు. హెడెరిఫోలియమ్ రేకు మొదట, మడతపడిన చోట, చిన్న చెవులవంటి తమ్మెలుండును. కూమ్‌కు అవి లేవు. రేకులు పొట్టిగా బొద్దుగా నుండి, మొదట ముదురుమచ్చయు దాని నడుమ కన్నువంటి లేతమచ్చయు కలిగియుండును. మిరాబిలే రేకు చివర ఱంపపు పండ్లవలె చీలియుండును. దాని చుట్టమైన సిలీసియమ్ రేకు అంచు నున్నన. ఇంటామినాటమ్ మిక్కిలి చిన్నది, మచ్చ లేనిది, ఆ పేరునకే మచ్చలేనిదని యర్థము. మూడవది కాడ. కాయ కట్టిన పిదప హెడెరిఫోలియమ్ కాడ పైకొననుండి చుట్టుకొనుట కారంభించును. గ్రేకమ్ కాడ నడుమనుండియో మొదటినుండియో చుట్టుకొనును. పెర్సికమ్ కాడ మాత్రము చుట్టుకొనదు, నేలవైపునకు వంగును. జాతులన్నిటిలోను ఈ లక్షణము దానికి ప్రత్యేకము. నాల్గవది కాలము. పర్‌ప్యూరాసెన్స్ వేసవిది, హెడెరిఫోలియమ్, సిలీసియమ్, మిరాబిలే శరత్తునకు చెందినవి, కూమ్ నడిచలిది, రెపాండమ్ వసంతముది. ఈ జాతులనన్నిటిని పెంచు తోటలో దాదాపు ఏడాది పొడవునను ఏదో ఒక సైక్లమెన్ పూచుచునే యుండును.

ఆకును నమ్మరాదా యని శ్రోతలు అడుగవచ్చును. ఆకు చూడ ముచ్చటైనదే గాని సాక్ష్యమునకు పనికిరాదు. హెడెరిఫోలియమ్‌లోనే బల్లెపు మొనవంటి ఆకులు, గుండ్రని ఆకులు, పూర్తిగా వెండిపూత పూసిన ఆకులు గలవు. లోకమును మోసగించి శతాబ్దులు పేర్ల చిక్కు పెట్టినది ముఖ్యముగా ఆకే. అందమును చూచి జాతిని నిర్ణయింపరాదను నీతి వృక్షలోకమునకును వర్తించును.

ఇక పెంపకము. సైక్లమెన్ దుంప పిలకలు పెట్టదు. కందవలె కోసి నాటినచో చాలవఱకు కుళ్ళిపోవును. విత్తనమే దీనికి వంశోద్ధారకము. శరత్తున పూచిన పూవునకు కాయ పండుట మరుసటి వేసవి నడుమ. కాయ పగిలినపుడు గోధుమరంగు గింజలు తీపిజిగురు పూతతో బయటపడును. ఆ పూతకొఱకు చీమలు వానిని మోసికొనిపోయి, పూతను భుజించి, గింజను పాఱవేయును. కొండపై ఒకచోటి మొక్క మఱియొకచోట మొలచుట చీమల దయ. తోటమాలి చీమలకంటె ముందే గింజలను సేకరించి, ఒక దినము నీట నానవైచి, ఇసుక కలిపిన ఆకుఎరువులో నాటి, వెలుతురు సోకకుండ చల్లనిచోట నుంచవలెను. వెలుతురు తగిలినను, వేడి హెచ్చినను మొలక బద్ధకించును. మొలచునపుడు మొదట పుట్టునది ఆకు కాదు; నేలలో మినపగింజయంత దుంప. ఆ పిమ్మట ఒక్కటే ఆకు. ద్విదళబీజముల కుటుంబమున పుట్టియు ఇది ఒక్క బీజదళమునే పైకెత్తుట చూచి వృక్షశాస్త్రజ్ఞులు విస్తుపోయిరి. మొదటి పూవునకు రెండు మూడేండ్లు, కొన్ని జాతులలో ఇంకను ఎక్కువ కాలము పట్టును. తరువాత ఆ దుంప దశాబ్దుల తరబడి పూయుచునే యుండును. ఆకు రాల్చు చెట్లక్రింద, నీరు నిలువని నేలలో, పైపైన నాటి, ఏటేట రాలిన ఆకులు కప్పిన చాలును. అది వేఱేమియు కోరదు.

పిలకలు పెట్టదు, విత్తిన మూడేండ్లకు గాని పూయదు అను ఈ రెండు మాటలను కలిపి ఆలోచించినచో, అంగడిలో చౌకగా అమ్ముడుపోయిన ఎండుదుంపల రహస్యము బయటపడును. 20వ శతాబ్దిలో టర్కీ కొండలనుండి హెడెరిఫోలియమ్, కూమ్, సిలీసియమ్ దుంపలను లక్షల కొలది త్రవ్వి, ఎండబెట్టి, పెట్టెలలో నింపి ఐరోపా విపణులకు పంపుచుండిరి. ఏబదేండ్లు బ్రదికిన దుంప ఒక్క గునపపు పోటుతో పైకి వచ్చెడిది. నెలల తరబడి ఎండినదానిలో మరల మొలచినది కొంత, మొలవనిది ఎంతయో. పెట్టెమీది పేరు ఒకటి, లోనిజాతి మఱియొకటి యగుటయు కలదు. అపురూపమైన జాతి సాధారణమైనదాని పేరుతో తరలిపోయినచో, పోయినదని యైనను ఎవరికి తెలియును? పేరు తెలియని మొక్కకు మరణవార్తయు ఉండదు.

ఈ దశలో పండితుల సూక్ష్మపరిశీలనము లోకమునకు అక్కఱకు వచ్చినది. 1975లో అమలునకు వచ్చిన అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒడంబడికలో సైక్లమెన్ జాతులన్నియు రెండవ అనుబంధమున చేర్పబడినవి. అనుమతిపత్రము లేక వానిని దేశము దాటింపరాదు. విత్తనముతో పెంచిన పెర్సికమ్ కుండీమొక్కలకు మినహాయింపు గలదు. నిద్రావస్థలోనున్న ఎండుదుంపలకు ఆ మినహాయింపు లేదు. ఇట్టి చట్టము నడువవలెనన్నచో, ఓడరేవున పెట్టె విప్పిన ఉద్యోగికి ఇది ఏ జాతియో, ఇది కొండనుండి వచ్చినదో తోటనుండి వచ్చినదో తెలియవలెను. వేళ్ళు ఎచటనుండి వచ్చినవని హిల్డెబ్రాండ్ వంటివారు భూతద్దముతో చూచిన చూపే ఇచట న్యాయస్థానమున సాక్ష్యమైనది. 1990వ దశకమున టర్కీ పల్లెలలోనే దుంపపూల మొక్కలను చేలలో పెంచి అమ్ముటకు ప్రోత్సాహము లభించినది. కొండను త్రవ్వి బ్రదికిన కుటుంబములకు కొండను కాపాడి బ్రదుకు దారి చూపుటయే దాని ఉద్దేశము. సైప్రస్ దేశము తన దీవిలో తప్ప మఱెక్కడను సహజముగా పెరుగని సైక్లమెన్ సిప్రియమ్‌ను 2006లో జాతీయపుష్పముగా ప్రకటించుకొనినది.

మన తెలుగునేల వేడికి ఈ మొక్కలు ఓర్వవు. చల్లని కొండపట్టణములలో కుండీలలో పెంచు పెర్సికమ్‌ను చూచి మనము సంతోషింపవలసినదే. అయినను ఈ కథ మనకు సంబంధింపనిది కాదు. సైక్లమెన్‌లు చేరిన ఆ రెండవ అనుబంధముననే, మన శేషాచలపు కొండలలో పెరుగు రక్తచందనమును 1995లో చేరినది. అక్కడ గునపము, ఇక్కడ గొడ్డలి. అక్కడను ఇక్కడను దొంగసరకునకు మాఱుపేర్లు పెట్టి దాటించు ప్రయత్నములు. దానిని పట్టుకొనుటకు కావలసినది మొక్కను ఎఱిగిన కన్ను.

ఈ కథలో మొక్కను మెచ్చినవారు, భయపడినవారు, అమ్మినవారు అనేకులు గలరు. దానిని నిలిపినవారు మాత్రము దానిని విత్తి, మూడేండ్లు వేచి, వేరు మొదలు కాయ వఱకు చూచినవారే. లిన్నేయస్ పొరబడిన చోట మిల్లర్ సరిగా చూచుటకు కారణము అంతకంటె వేఱు లేదు. మన పెఱటిలోని మొక్కలకును, మన పొలముగట్లమీది దుంపలకును, మన కొండలమీది చెట్లకును తెలుగుపేర్లు గలవు. వానిని పిల్లలకు ఆకును చూపి, వేరును చూపి, పూచు కాలమును చెప్పి నేర్పుట పెద్దలకు భారము కాదు. పేరు తెలిసిన మొక్కను నఱకుటకు వచ్చినవానిని, ఇదేమిటని అడుగువాడు ఒక్కడైనను ఆ ఊర నుండును.